రాళ్ల కుప్పయా? దేవుని మందిరమా?

ధ్యాన భాగము: 1 పేతురు 2:4–5



రాత్రివేళ చుక్క రాలుట చూచి, ఎవరికో కీడు మూడినదని మన అడవి పల్లెలలో పెద్దలు చెప్పుకొనుట కలదు. రాలునది నక్షత్రము కాదు. సూర్యుని చుట్టు తిరుగు చిన్న రాతి తునక మన గాలిలో మండిపోవుటయే. అరుదుగా అట్టి రాయి నేలకు చేరును. 1852లో నెల్లూరు సీమలో ఒకటి పడినది. గ్రహములు ఏర్పడిన కాలమున వాటిలో చేరక మిగిలిన పెద్ద రాళ్లను గ్రహశకలములందురు. కుజ గురు గ్రహముల నడుమ అవి లక్షల కొలది ఉన్నవి. కొన్ని మన భూమి దరికిని వచ్చుచుండును.

అట్టి వాటిలో బెన్ను అనునది ఒకటి. దాని అడ్డుకొలత సుమారు 490 మీటర్లు. అమెరికావారు 2016లో పంపిన ఓసైరిస్-రెక్స్ అను నౌక 2018లో దానిని చేరెను. 2020 అక్టోబరు 20న ఆ నౌక తన చేయి చాచి తాకగా, గట్టిదనుకొన్న నేల నిలువలేదు. చేయి అర మీటరు లోతు దిగబడినది. వెంటనే వెనుకకు లేవకున్న యెడల నౌకయే కూరుకొనిపోయెడిది. ఏలయనగా బెన్ను ఒక్క బండ కాదు, కుప్ప. పూర్వము పెద్ద గోళమొకటి దెబ్బ తిని పగులగా, దాని ముక్కలు గుమిగూడినవే గాని ఒకదానితో ఒకటి అతుకుకొనలేదు.

సంఘమా, ఇది మన సంగతి కాదా? కోయవారు, లంబాడీవారు, మాలవారు, మాదిగవారు ఆదివారమున ఒక్క కప్పు క్రింద కూర్చుందుము. చూచువారికి ఒక్క బండవలె నుందుము. అయితే ఒకరి ఇంట చావు సంభవించినప్పుడు, మన బిడ్డల వివాహపు మాట వచ్చినప్పుడు, ఆ బండ నిలుచునా, దిగబడునా? ప్రభువు బల్లయొద్ద ఒక్క రొట్టెలో పాలుపొంది, ఇల్లు చేరిన తరువాత ఒకరి కుండలోని నీళ్లు మరియొకరు త్రాగకున్న యెడల, మనము దగ్గరగా పడియున్న రాళ్లమే గాని కట్టబడిన రాళ్లము కాము. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమును చూచినవారెరుగుదురు: ఉలి దెబ్బకు ఒప్పుకొనిన రాయియే స్తంభమై బరువు మోయును.

మరియొక సంగతి. ఆ నౌక తెచ్చిన 121.6 గ్రాముల మన్ను 2023 సెప్టెంబరు 24న భూమికి చేరెను. మన దేహములోని మాంసకృత్తులకు వలసిన 20 అమైనో ఆమ్లములలో 14 అందులో ఉన్నవని శాస్త్రజ్ఞులు 2025లో తెలిపిరి. దీనివలన ఆదికాండమునకు ముప్పు కలుగునని యౌవనస్థులు కలవరపడనక్కరలేదు. ఆ మంటిలో దినుసులున్నవి, జీవము కనబడలేదు. మంటితో నరుని చేసినవాడే అతనికి ఊపిరినిచ్చెనని ఆదికాండము 2:7 బోధించుచున్నది. సంఘమునకును అంతే. గుడియున్నది, పాటలున్నవి, కమిటీయున్నది, చందాలున్నవి. ఇవన్నియు దినుసులు. ఆత్మ లేనిచో ఇవి మన్నే.

కాబట్టి వచ్చు ప్రభురాత్రి భోజనమునకు ముందు, మీరెన్నడును గడప త్రొక్కని ఒక విశ్వాసి ఇంటికి వెళ్లుడి. అక్కడ కూర్చుండి, అడిగి, మంచినీళ్లు పుచ్చుకొనుడి.

ప్రార్థన: మూలరాయియైన ప్రభువా, చెదరిన మమ్మును చెక్కుము, నీమీద కట్టుము, నీ ఊపిరితో బ్రదికింపుము. ఆమేన్.