అడిగితే చెప్పగలిగినంతే రాయి

చి. అమ్మడికి,

పీజీ దరఖాస్తు కోసం నువ్వు పంపిన రెజ్యూమే చదివాను. నాలుగు పేజీల్లో సగానికి పైగా పదవులూ సర్టిఫికెట్లే ఉన్నాయి. ఇందులో నీ తప్పేమీ లేదు, మన మలేషియా బడి పిల్లలకు చిన్నప్పుడే అయ్యే అలవాటిది. ఎస్టీపీఎం అనే ప్రీ-యూనివర్సిటీ పరీక్ష తర్వాత ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటుకు కట్టే లెక్కలో 90 శాతం చదువుది, 10 శాతం కోకోది, అంటే చదువేతర కార్యక్రమాలది. ఆ పదిలోనూ క్లబ్బు అధ్యక్షుడికి ఒక లెక్క, ఉత్త సభ్యుడికి ఇంకో లెక్క. బడి, జిల్లా, రాష్ట్రం, దేశం అంటూ స్థాయి పెరిగిన కొద్దీ మార్కులూ పెరుగుతాయి. వేల మందిని ఒక్క కొలతతో కొలవాలంటే ఇంతకంటే ఏం చేస్తారులే. పీజీ దగ్గర మాత్రం ఈ కూడికలు పనిచేయవు. పరిశోధన చేసి మాస్టర్స్ పట్టా తెచ్చుకోవాలంటే, నిన్ను తన దగ్గర పెట్టుకోవడానికి ఒక అధ్యాపకుడు ఒప్పుకోవాలి. ఈ అమ్మాయికి పని అప్పగిస్తే చేస్తుందా అన్నదొక్కటే ఆయనకు కావాలి. ఫారం నాలుగులో నువ్వు ప్రిఫెక్ట్‌వన్న సంగతి ఆ ప్రశ్నకు జవాబు కాదు.

కాబట్టి ఎదుట కూర్చోబెట్టి అడిగితే పది నిమిషాలు తడబడకుండా చెప్పగలిగిన పనినే ఉంచు. మిగతాది కొట్టెయ్యి. ‘డేటా విశ్లేషణలో ప్రావీణ్యం’ అని రాశావు. దేని డేటా, ఎంత, ఏ పద్ధతిలో? చివరి ఏడాది ప్రాజెక్టులో మీరు నలుగురు. పేరాక్ నది నీటి నమూనాలు తెచ్చి ఆమ్లత, కరిగిన ఆక్సిజన్ కొలిచింది నువ్వు. గణాంకాల పని నీ స్నేహితురాలిది. ఆ మాటే రాయి. వాటా చిన్నదైపోతుందని బెంగపడకు. నీ దరఖాస్తుతో పాటు నీ గురువులు రాసే సిఫారసు ఉత్తరాలూ అదే ఫైల్లోకి చేరతాయి. నీటి పరీక్షలు జాగ్రత్తగా చేసిందని వాళ్లు రాసి, ప్రాజెక్టంతా నేనే నడిపానని నువ్వు రాస్తే, చదివేవాళ్లకు ఎవరి మాట చెల్లుతుందో నీకు తెలియదా?

అందరూ పెంచి రాస్తున్నారు, నేనొక్కదాన్నే ఉన్నదున్నట్టు రాస్తే వెనకబడిపోనా అంటావు. భయం న్యాయమైనదే, పెంచి రాసి గట్టెక్కేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ రాత అంతటితో పోదు. అమెరికాలో ఎంఐటీ ప్రవేశాల విభాగానికి డీన్‌గా ఉన్న మారిలీ జోన్స్ 1979లో అక్కడ ఉద్యోగంలో చేరినప్పుడు లేని డిగ్రీలు ఉన్నట్టు చెప్పుకుంది. పనిలో మంచి పేరు తెచ్చుకుంది, పెద్ద పదవికీ ఎక్కింది. అయినా 28 ఏళ్లకు, 2007లో, సంగతి బయటపడి రాజీనామా చేయాల్సి వచ్చింది. వేలాది మంది పిల్లల దరఖాస్తుల మంచిచెడ్డలు తేల్చిన మనిషికే ఆ గతి పట్టింది. అబద్ధం అవసరం లేనంత సమర్థురాలు కావడమే ఇందులో విషాదం.

అసలు రాసుకోవడానికే ఏమీ లేని పిల్లల మాటేమిటి? ఈ ప్రశ్న మొదటిదానికన్నా బరువైనది. సాయంత్రాలు దుకాణంలో నిలబడ్డ పిల్లకు క్లబ్బుల తీరికెక్కడిది! అలాంటి పిల్ల ఆ దుకాణం పనినే రాయాలి: ఎన్నేళ్లు చేసింది, వారానికి ఎన్ని గంటలు, ఏ లెక్కలు చూసింది. పని అనుభవాన్ని చదువుకు లెక్కగట్టడం మన దేశంలో కొత్తేమీ కాదు. డిగ్రీ లేకపోయినా 30 ఏళ్లు నిండి, ఎస్టీపీఎమో డిప్లొమానో ఉండి, తగిన అనుభవం ఉన్నవారిని పరీక్షించి మాస్టర్స్‌కు అర్హత ఇచ్చే ఎపెల్ పద్ధతి ఉంది. అక్కడా అనుభవానికి రుజువులు చూపాల్సిందే. ఇక, మన గొప్ప మనమే చెప్పుకోవడం బాగుండదని ఇంట్లో వాళ్లు అనవచ్చు. చేసిన పనిని చేసినంత చెప్పడం గొప్పలు పోవడం కాదు. ఆదివారాలు చిన్నపిల్లలకు తెలుగు నేర్పావు కదా, అది రాయనేలేదేం?

చిన్న సంగతులు కొన్ని. విదేశాలకు పంపే ప్రతిలో ఫొటో, మతం, జాతి, ఐసీ (గుర్తింపు కార్డు) నంబరు తీసెయ్యి. ఆ పన్నెండంకెలు చూస్తే నీ పుట్టిన తేదీ, పుట్టిన రాష్ట్రం, ఆడో మగో కూడా తెలిసిపోతాయి. మార్కులు 4.00కు ఎంత వచ్చాయో స్పష్టంగా రాయి. ఇండియాలో చాలాచోట్ల లెక్క పదికి. పేరు మధ్యలో ‘కూతురు’ అని సూచించే ‘ఏ/పి’ పాస్‌పోర్టులో ఎలా ఉంటే అన్ని కాగితాల్లోనూ అలాగే ఉండాలి.

రెండు పేజీలకు కుదించి, ముందు మీ ప్రాజెక్టు గైడుకు చూపించు. నీ వాటా సరిగ్గానే రాశావని వారు ఒప్పుకున్నాకే నాకు పంపు.

నీ పెదనాన్న,
కౌలాలంపూర్