ఒకే కేసులో అక్షరాలు

జులై 28 దగ్గర పడిందంటే మా ప్రెస్సులో 'వి' అక్షరానికి కరువొచ్చేది.

తిరుపతి గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఇరవై ఏళ్ళు ట్రెడిల్ మిషను నడిపినవాణ్ణి. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశాలు, హోటళ్ళ బిల్లు పుస్తకాలు మాకు కూడు పెట్టేవి. 1977లో ఎమర్జెన్సీ ఎత్తేశాక వాటి నడుమ యూనివర్సిటీ పిల్లల కరపత్రాలు వచ్చిపడ్డాయి. రాడికల్స్ వచ్చేవాళ్ళు, పీడీఎస్‌యూ వాళ్ళు వచ్చేవాళ్ళు, నాగిరెడ్డి వర్గం వాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకరు గడప దిగితేగానీ ఇంకొకరు ఎక్కేవాళ్ళు కాదు. ఎదురుపడితే ఒకడికి ఉన్నట్టుండి టీ తాగాలనిపించేది.

నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ 1972లో కలకత్తాలో పోలీసు నిర్బంధంలో చనిపోయిన తేదీ జులై 28. సరిగ్గా నాలుగేళ్ళకు, 1976లో అదే తేదీన, మన సీమ మనిషి తరిమెల నాగిరెడ్డి అజ్ఞాతంలో ఉండగానే హైదరాబాదులో కన్నుమూశాడు. బతికుండగా ఇద్దరికీ పొసగలేదు. శత్రువును నిర్మూలించడం ముందా, జనాన్ని కూడగట్టడం ముందా అన్న దగ్గర చెడింది. 1969 ఫిబ్రవరిలో మజుందార్ వైపున్న అఖిల భారత సమన్వయ కమిటీ నాగిరెడ్డి ఆంధ్ర కమిటీతో తెగతెంపులు చేసుకుంది. ఏప్రిల్ 22న ఆ సమన్వయ కమిటీ కొత్త పార్టీ పెట్టినప్పుడు నాగిరెడ్డికి అందులో చోటు లేదు. అట్లాంటి ఇద్దర్నీ చావు తీసుకుపోయి ఒకే తేదీ గడిలో వేసింది.

ఆ తేదీకి మజుందార్ వైపున్న రాడికల్స్, నాగిరెడ్డి వర్గం, రెండు వర్గాలూ మా దగ్గరికే రావాలి. ఎరుపు అక్షరాల పని తీసుకునే ప్రెస్సులు ఊళ్ళో తక్కువ. 'విప్లవం'లో వి, 'విద్రోహం'లోనూ అదే వి. 'రివిజనిస్టు'లో వి, 'విచ్ఛిన్నకులు'లో వి. పొద్దున ఒక కరపత్రం అచ్చయ్యాక సీసాన్ని కిరోసిన్‌తో తుడిచి ఏ గడి అక్షరం ఆ గడిలో వేసేవాణ్ణి. మధ్యాహ్నానికి ఆ అక్షరాలే కంపోజింగ్ స్టిక్కులోకెక్కి, పొద్దుటి వాళ్ళను తిట్టేవి. భూస్వామికి నాలుగు లైన్లు, పక్క గ్రూపుకు పేజీన్నర. పేజీ లెక్కన డబ్బు తీసుకునేవాణ్ణి, నాకేం నొప్పి! అట్టడుగు లైను మాత్రం అందరికీ ఒకటే. అచ్చేసినవాడి పేరు, ఊరు ప్రతి కాగితం మీదా ఉండాలని 1867 నాటి చట్టం అప్పట్లో చెప్పేది. ఒకరినొకరు ద్రోహులనుకున్న రెండు కాగితాల కిందా సాక్షి సంతకం మాదిరి నా ప్రెస్సు పేరు ఉండేది.

నేను పార్టీ మనిషిని కాదు. మా అమ్మది కాళహస్తి. సోమవారం వీలైతే ఇప్పటికీ పోయొస్తాను. ఈ కరపత్రాలు కంపోజు చేసేటప్పుడల్లా నాకు మార్క్సు కంటే ముందు ఆ ఊరి పేరు మనసులో మెదిలేది.

కథ అందరికీ తెలిసిందే, అయినా సగమే చెప్పుకుంటాం. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. పాము రోజూ మణులు తెచ్చి లింగం మీద పెట్టేది. ఏనుగొచ్చి ఆ రాళ్ళేంటని నెట్టేసి, తొండంతో నీళ్ళు పోసి ఆకులు పెట్టేది. మర్నాడు పామొచ్చి, నా స్వామి నెత్తిన ఈ చెత్త ఎవరు పోశారని ఊడ్చేసేది. చివరికి పాము తొండంలో దూరింది. ఏనుగు బాధ తాళలేక తల బండకేసి కొట్టుకుంది. రెండూ చచ్చాయి. అమ్మ ఇక్కడ దణ్ణం పెట్టుకుని, స్వామి రెంటికీ మోక్షమిచ్చాడని ముగించేది.

నేను ముగించలేను. ఆ రెంటిలో దేనికీ భక్తి తక్కువ లేదు. గుడి మొహం చూడని జంతువులు అడవిలో ఎన్ని లేవు, వాటికి లింగం మీద ఏముంటే ఏం? చంపుకున్నవి రోజూ తప్పకుండా పూజకు వచ్చినవే. ఎదుటివాడి నైవేద్యం కంటికి మైలగా కనబడ్డం దగ్గర మొదలైంది తగాదా. 'రివిజనిస్టు', 'దుస్సాహసికవాది' అన్న మాటలు సిద్ధాంతం మాటలని పెద్దలు చెబుతారు. కంపోజు చేసిన చేతికి అవి మైల, అంటు అన్నట్టే తగిలేవి. బీహారులో ఎంసీసీ, పార్టీ యూనిటీ అనే నక్సలైటు పార్టీల దళాలు ఏళ్ళ తరబడి ఒకరినొకరు కాల్చుకున్నాయి. ఇద్దరూ కొలిచింది ఒకే ఎర్రజెండాను. 1998లో పార్టీ యూనిటీ పీపుల్స్‌వార్‌లో కలిశాక కూడా ఆ రక్తం వెంటనే ఆగలేదు. 2004 సెప్టెంబరు 21న పీపుల్స్‌వార్, ఎంసీసీ ఒక్కటై మావోయిస్టు పార్టీ అయ్యే ముందు ఆ హత్యల మీద ఆత్మవిమర్శ చేసుకున్నాయి. అప్పటికి పోయినవాళ్ళు పోనే పోయారు. స్వామి కూడా పామునూ ఏనుగునూ తన పేరులో కలుపుకుంది అవి చచ్చాకనే. ఆ విషయంలో నాకు ఆయనతోనూ పేచీ ఉంది.

బతికుండగా కలవడం ఎట్లా ఉంటుందో నేను ఒక్కసారి దగ్గర్నుంచి చూశాను, అదీ నా తప్పు వల్ల.

1983 అనుకుంటా. రెండు వర్గాల కరపత్రాలూ 27 రాత్రే వేయాల్సి వచ్చింది. రెంటికీ చివర ఒకే సైజు లైను, ఫలానా కామ్రేడుకు జోహార్లని. ఒక లైను తీసి ఇంకొకటి బిగించాల్సింది, నిద్రమత్తులో మార్చడం మరిచాను. తెల్లారి రాడికల్ పిల్లవాడు వచ్చి చూస్తే, మజుందార్ సంస్మరణ కరపత్రం అడుగున నాగిరెడ్డికి జోహార్లు. అయిదు వందల కాపీలు.

"ఏం నా ఇట్ల చేస్తివి!" అని తల పట్టుకున్నాడు. సభ సాయంత్రం అయిదుకు. మళ్ళీ వేద్దామంటే అంత కాగితం లేదు. సిరాలో బ్రష్షు ముంచి ఒక్కో కాగితం మీదా ఆ లైను కొట్టేయడం మొదలుపెట్టాడు. పది కొట్టాడో లేదో, తన కట్ట తీసుకుపోవడానికి నాగిరెడ్డి వర్గం పిల్లవాడు వచ్చి నిలబడ్డాడు. నాకు గుండె జారింది. తన నాయకుడి పేరు మీద ఎదుటివాడు నల్లసిరా పూస్తున్నాడు. కాసేపు చూసి చెప్పులు విడిచి ఎదురుగా కూర్చున్నాడు.

"మా పెద్దాయన పేరు నువ్వు కొట్టేస్తే గలాటా అయితాది. నేను కొట్టేస్తే ఏమీ కాదు. ఆ బ్రష్షు ఇట్లియ్యి" అన్నాడు.

ఇద్దరూ కూర్చుని మధ్యాహ్నం దాకా కొట్టారు. ఒకడు బ్రష్షు వేస్తే ఇంకొకడు కాగితాలు తీగ మీద ఆరేశాడు. నిర్మూలన పంథా మీద పోట్లాట ఒక్క నిమిషం ఆగలేదు. నేను తెప్పించిన ఇడ్లీల మీద కూడా సాగింది. ఎవడూ ఇంకొకడి దారికి రాలేదు.

కొన్నేళ్ళకు ఆ రాడికల్ పిల్లవాడు అడవికి పోయాడు, తిరిగి రాలేదు. ఎన్‌కౌంటర్ అని పేపర్లో చిన్న వార్త. సంస్మరణ సభకు కరపత్రం రాసుకొచ్చింది ఆ రెండోవాడే. అందులో ఒక వాక్యం ఇప్పటికీ గుర్తు. ఆయన పంథాతో మాకు ఏకీభావం లేదు, ఆయన కుటుంబానికీ సహచరులకూ మా సంఘీభావం ఉంది. ఆ మాట పేర్చడానికి 'ఘీ' గడిలో చెయ్యి పెట్టాను. మా అక్షరాల కేసులో 'ఘ' అరిగిపోయి అంచులు మొద్దుబారి ఉండేది, ప్రతివాడిదీ ఒక సంఘం కదా. 'ఘీ' మాత్రం ఫౌండ్రీ నుంచి వచ్చిన రోజున ఎట్లా ఉందో అట్లాగే మెరుస్తోంది. దానికి తెలుగులో పని తక్కువ. ఉన్న ఆ కాస్త పనీ జనం ఎక్కువగా చెప్పింది కాదు.

ఏకీభావం వేరు, సంఘీభావం వేరు. ఇది నేను మాటల మీద ఆడే ఆట కాదు. విప్లవ పార్టీలు నలభై ఏళ్ళు ఐక్యత కోసం పాకులాడాయి. ప్రతి ఐక్యతా మహాసభ తర్వాత మా ప్రెస్సుకు ఇంకో కొత్త లెటర్‌హెడ్ పని వచ్చేది. సంఘీభావం అట్లా మహాసభల్లో పుట్టలేదు. పార్వతీపురం కుట్ర కేసు మజుందార్ దారి వాళ్ళ మీద, హైదరాబాదు కుట్ర కేసు నాగిరెడ్డి తదితరుల మీద. పంథాలు రెండు, ప్రభుత్వం రాసిన నేరం ఒకటే.  నక్సలైట్లు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ఉరితీసే ముందు ఆ ఉరి ఆపాలని అడిగినవాళ్ళలో వాళ్ళ పార్టీ వాళ్ళకంటే కాని వాళ్ళే ఎక్కువ. కన్నబిరాన్ వంటి లాయర్లు ఏ గ్రూపని అడిగి వకాలత్ తీసుకోలేదు. వీళ్ళెవరూ మణులు నెట్టేసి ఆకులు పెట్టలేదు, ఆకులు ఊడ్చి మణులు పెట్టలేదు. పక్కన చోటుంటే పక్కన పెట్టి వచ్చారు.

దీనికి ఎదురు ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటేసి పోతే మోసం. 2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకొస్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయ్ మీద అలిపిరి దగ్గర పీపుల్స్‌వార్ మందుపాతర పేల్చింది. ఆయన గాయాలతో బయటపడ్డాడు. మర్నాడు టీకొట్టు దగ్గర ఒకాయన నాతో, "మీవాళ్ళే గదా సామీ!" అన్నాడు. పాతికేళ్ళ కిందట వేసిన కరపత్రాల లెక్క ఊరు మరిచిపోలేదు. కాదన్నాను. జనం కొండకు పోయే దారిలో మందుపాతర పెట్టడం తప్పు, ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. సంఘీభావమంటే మనవాడి తప్పుకు నోరు మూసుకోవడం అయితే అది ముఠా మర్యాద. ఈ ముడి దగ్గరే 1998లో పౌరహక్కుల ఉద్యమం చీలింది. రాజ్యం చంపితే అడిగినట్టే పార్టీలు చంపినా అడగాలని బాలగోపాల్, ఆయన సహచరులు బయటికొచ్చి మానవహక్కుల వేదిక పెట్టారు. ఆ చీలికప్పుడూ పక్క చెత్త ఊడ్చేసే మాటలు చాలానే వచ్చాయి. నాకు బాలగోపాల్ వైపే న్యాయం కనబడింది. అయితే ఎన్‌కౌంటర్ శవాల కోసం ఆ తర్వాత కూడా రెండు సంఘాలవాళ్ళూ ఆస్పత్రి మార్చురీల ముందు నిలబడ్డారు. అది కూడా చెప్పాలి.

అలిపిరి జరిగి ఏడాది తిరిగేసరికి, 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలు. టీవీలో చూశాను. బల్లకు ఒక వైపు మావోయిస్టులు, అదే వైపు జనశక్తి. రెండూ వేర్వేరు పార్టీలు. కలిసిపోతామని ఎవరూ ప్రకటించలేదు, ఎవరి జెండా వాళ్ళదే. ఒకే వరసలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారంతే. నాకు ఆ బ్రష్షు వేసిన పిల్లలు గుర్తొచ్చారు. చర్చలు జనవరికల్లా చెడిపోయాయి. ఆ వరసలో కూర్చున్న జనశక్తి రియాజ్‌ను 2005 జులై 1న ఎన్‌కౌంటర్‌లో చంపారు. ఆగస్టులో మళ్ళీ నిషేధం. నాలుగు రోజుల కుర్చీలు వృథా అంటారు కొందరు. నేనట్లా అనుకోను. పామూ ఏనుగూ నాలుగు రోజులైనా ఒకదాని పూజ ఒకటి చెరపకుండా ఉన్నాయి, ఆ కథలో అంతకు ముందెప్పుడూ అది లేదు.

కంప్యూటర్లొచ్చి ప్రెస్సు మూతపడినప్పుడు సీసాన్ని తూకానికి అమ్మేశాను. 'వి'లూ 'ఘ'లూ ఒకే గోతంలో పోయాయి. కరపత్రాలు మాత్రం ప్రతిదీ ఒక కాపీ ఉంచాను. చెదలు కొంత తిన్నాయి. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు మీలో ఎవరి అటకల మీదైనా అప్పటి కరపత్రాలుంటే పాత పేపర్లవాడికి వేయకండి. మీది ఏ గ్రూపైనా సరే. పార్టీలవారీగా కట్టలు కట్టకండి, తేదీలవారీగా పేర్చండి. జులై 28వి రెండూ పక్కపక్కనే వస్తాయి.