ఎంగిలి పీపా

ట్రినిడాడు ద్వీపపు పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరమున, కార్నివాల్ పండుగకు ఇంకను మూడు వారములుండగా, ఒకనాటి సాయంసంధ్యవేళ, రేకుల పంచలో కూర్చున్న ఒక ముదుసలి పనివాడు, కంసాలి నగపై చెక్కడపు పని చేయునంత ఓర్పుతో, నూనె పీపా అడుగురేకును చిన్న సుత్తితో ఒకమారు తట్టి, తల వంచి విని, పెదవి విఱిచి, రేకును త్రిప్పి వెనుకవైపునుండి మఱియొకమారు తట్టి మరల వినుచుండగా, అంతవఱకు వినవచ్చుచుండిన డబ్బామోత ఏ క్షణమున పోయినదో, దాని స్థానమున స్వచ్ఛమైన స్వరమొకటి ఏ క్షణమున వచ్చి కూర్చున్నదో, ప్రక్కనే నిలిచి రెండు చెవులను అప్పగించి వినుచుండిన నేను కనిపెట్టలేకపోయితిని. "ఈ పీపాలో మొదట ఏముండెను?" అని అడిగితిని. "ఎవరికి తెలియును? నూనెయో, మందో, సబ్బు ద్రావకమో. కాల్చితిమి గదా, అదంతయు పోయినది," అని ఆయన సుత్తి ఆపకయే బదులు చెప్పెను.

కాల్చినచో నిజముగా పోవునా? ఆ సాయంకాలమంతయు వీథులు తిరుగుచు, బండ్లకడ తినుచు, వాద్యములను వినుచు నేను మోసికొని తిరిగినది ఈ యొక్క ప్రశ్ననే.

పాన్ అనగానే మనకు తాంబూలము స్ఫురించును గాని, ట్రినిడాడు ద్వీపవాసులకు పాన్ అనగా ఉక్కుపీపాతో చేసిన వాద్యము. దానిని సాధన చేయు ఆవరణము పాన్‌యార్డు. 55 గాలన్ల పీపాను బోర్లించి, దాని అడుగును గంటల తరబడి పెద్ద సుత్తితో మోది గిన్నెవలె లోతు చేయుదురు. ఆ గిన్నెలో స్వరస్థానములను గుర్తించి, ఒక్కొక్కదాని చుట్టును మొద్దు ఉలితో చుక్కచుక్కగా గాడి కొట్టుదురు. పీపా ప్రక్కభాగమును కావలసినంత పొడవు ఉంచి తక్కినది కోసివేసి, మంటపై కాల్చుదురు. అటుపిమ్మటనే శ్రుతి చేయుట. తారస్థాయి పలుకు టెనర్ పాన్‌కు పొట్టి అంచు చాలును. మంద్రస్థాయికి నిండు పీపాలే ఆఱేసి ఒక్క వాద్యకుని చుట్టును నిలువవలయును. ఆంథొనీ విలియమ్స్ అను వాద్యనిపుణుడు టెనర్ పాన్‌లో స్వరములను అమర్చిన పద్ధతిని తరువాత అందఱును అనుసరించిరి. ఆ గిన్నె అంచువెంట వేలు పెట్టి పోయినచో షడ్జమునకు ప్రక్కన దాని పంచమము, ఆ పంచమమునకు ప్రక్కన మరల దాని పంచమము దొరకును. ఇది మన శాస్త్రజ్ఞులు షడ్జపంచమభావమని చెప్పుదానినే రేకుపై చక్రముగా గీసినట్లున్నదని నాకు తోచి, పరదేశమున చుట్టము కనబడినంత సంతోషము కలిగినది.

ఇక నా ప్రశ్నకు మూలమును చెప్పవలయును. నేను మడిగల యింట పుట్టి పెరిగినవాడను. మా నాయనమ్మకు ప్రపంచమంతయు రెండు భాగములుగా నుండెడిది: ఎంగిలి అయినది, కానిది. కంచమునందలి మెతుకు మాత్రమే కాదు, కంచమును తాకిన చేయి, ఆ చేయి తాకిన చెంబు, ఆ చెంబు పెట్టిన పీట, అన్నియు వరుసగా మొదటిదాని వెంటబోయెడివి. వస్తువునకు పూర్వచరిత్ర యుండుననియు, అది నీటితో పోవునేమో గాని మఱపుతో పోదనియు ఆమె సిద్ధాంతము. ఆ ఆచారమును నేను విడిచి చాలకాలమైనను, ఆ సిద్ధాంతమున సగము సత్యమున్నదని నాకిప్పటికిని అనుమానము కలదు. పారిశ్రామికనాగరకత త్రాగి పాఱవేసిన ఎంగిలిగిన్నె యీ పీపా. దానినుండి నాదము పుట్టినది, సందేహము లేదు. కాని పుట్టిన పిమ్మట ఆ పుట్టుకను మఱచిపోవలయునా, గుర్తుంచుకొనవలయునా?

గుర్తుంచుకొనదగిన చరిత్ర చాలనే యున్నది. ఆఫ్రికానుండి బానిసలుగా కొనిరాబడినవారి సంతతికి తప్పెట వినోదవస్తువు కాదు. ఒరిషా దేవతలను పిలుచు గొంతు. 1881లో ఈ నగరముననే కాన్‌బూలే అను కాగడాల ఊరేగింపును పోలీసులు ఆపబోగా పెద్ద కలహము జరిగినది. ఆపై కొలది సంవత్సరములలో కార్నివాల్‌లో తప్పెటలు, కాగడాలు, కఱ్ఱలు పట్టిన గుంపులు శాసనముచేత అణచబడినవి. చర్మము మ్రోగరాదనగా జనులు వెదురుబొంగులను వేర్వేఱు కొలతలకు నఱికి నేలపై మోదుచు నడచిరి; దానిని తంబూ బాంబూ అనిరి. 1930ల నాటికి బొంగుల నడుమ బిస్కత్తు డబ్బాలు, రంగు డబ్బాలు, చెత్తకుండీ మూతలు చేరినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున కార్నివాల్‌ను నిషేధించిరి. 1945లో విజయవార్త వచ్చినదినమున వీథులలోనికి వెల్లువయై వచ్చినవి ఆ లోహపు డబ్బాలే. విన్‌స్టన్ స్ప్రీ సైమన్, నెవిల్ జూల్స్, ఎల్లీ మానెట్ మున్నగు పేదపేటల యువకులు పోటీపడి డబ్బామోతను స్వరముగా మార్చిరి. ఆ ద్వీపమున చమురు బావులుండుటచే పీపాలకు కొఱతలేదు.

నాట్యశాస్త్రము వాద్యములను తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు తెగలుగా విభజించినది గదా. చర్మము కప్పిన అవనద్ధమును ప్రభుత్వము నోరునొక్కగా, నాదము ఘనములోనికి కాపురము మార్చుకొన్నదని చెప్పవచ్చును. శాసనకర్తలు వస్తువును నిషేధించిరి. వస్తువే నాదమని వారి భ్రమ. అరచి ప్రార్థించుట, గంటలు మ్రోగించుట చేసిన స్పిరిచ్యువల్ బాప్టిస్టుల ఆరాధనను సైతము 1917లో నేరముగా ప్రకటించి, 1951వఱకు ఆ శాసనమును రద్దు చేయలేదు. అదే 1951లో ఆ ద్వీపపు పాన్ వాద్యకుల బృందమొకటి లండన్ నగరమునకు ఓడనెక్కి పోయి, ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో తుప్పుపట్టిన పీపాలపై వాయించి, బ్రిటిషు పాలకుల రాజధానిని ఆశ్చర్యపఱచినది.

ఇచ్చట ఒక అపాయము కలదు. నిషేధము లేనిచో పాన్ పుట్టెడిది కాదు. కావున నిషేధమును సైతము దైవసంకల్పమే యనరాదా, అంతయు మన మంచికే యని మనవారు ఊరకే చెప్పిరా, అని ఒక మెత్తని వేదాంతము మెల్లగా మనసున చొచ్చును. నేనది ఒప్పుకొనను. విషము పుట్టినచోటనే అమృతమును పుట్టినదని చెప్పుకొనుటకు మనకు క్షీరసాగరమథనకథ కలదు. కాని ఆ కథలో సైతము హాలాహలమును అమృతమునకు హేతువని ఎవరును కొనియాడలేదు. దానిని ఒకడు మ్రింగవలసివచ్చినది. ఆతని కంఠమున అది నేటికిని నల్లగానే యున్నది. పీపాను స్వరముగా మార్చినది దెబ్బ తిన్నవారి చెవియే గాని, దెబ్బ కాదు. ఆ కీర్తిలో శాసనకర్తకు చిల్లికాసు వాటా లేదు.

చీకటి పడిన పిమ్మట పడమటి దిక్కున సెయింట్ జేమ్స్ పేటకు పోయితిని. ఆ పేటలో వీథులకు కలకత్తా, నేపాల్ మున్నగు పేర్లుండును. నేపాల్ వీథిలోనే రచయిత నయిపాల్ కౌమారమున నివసించిన యిల్లున్నది. ఆ పేర్లు ఓడలెక్కి వచ్చినవే: 1845 మే 30న ఫతెల్ రజాక్ అను ఓడ మొదటి భారతీయ కూలీలను ఈ ద్వీపమున దింపినది. 1917 వఱకు ఆ రాకడ సాగినది. అత్యధికులు కలకత్తా రేవునుండి వచ్చిన భోజపురి వారు. మద్రాసు రేవునుండి వచ్చిన కొద్దిమందిలో మన తెలుగువారును, అరవవారును కలిసియుండగా, అందఱను మద్రాసీలని ఒక్కపేరనే పిలిచిరి. ఓడలో ఒకే వంటశాల, ఒకే గుండిగ. నల్లనీరు దాటినవానికి కులము పోవునన్న భయము వారికి మొదటి భోజనముననే తీరిపోయినది. అచ్చట పక్కపక్కన కూర్చుండి తిన్నవారు జన్మాంతము జహాజీ భాయిలు, అనగా ఓడ చుట్టఱికపు సోదరులు.

ఆ పేటలో నేటికిని మొహరం పండుగను హొసే యని జరుపుదురు. హిందువులు, ఆఫ్రికనులు సైతము పాల్గొందురు. మన పల్లెలలో పీర్లపండుగ నెఱిగినవానికి ఇందు వింత లేదు. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పట్టణమున ఆ ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపి ఎందఱనో పొట్టన పెట్టుకొనిరి. కాన్‌బూలేను అణచిన చేయియే హొసేను అణచినది. ఆ ఊరేగింపులో వాయించు తాసా తప్పెటల మేకచర్మమును వీథిప్రక్కన మంట వేసి కాచి బిగించి, చల్లబడి సడలగానే మరల కాచుదురు.

అచ్చటనే ఒక బండికడ డబుల్స్ తింటిని. 1930లలో ప్రిన్సెస్ టౌన్ ప్రాంతపు భారతీయులు మొదలుపెట్టిన తినుబండారమిది: పసుపు కలిపిన మెత్తని రెండు బరాలు, వాటి నడుమ ఉడికించిన సెనగలు. పేరు మాత్రమే మన వడకు చుట్టము; నూనెలో వేగినను కరకరలాడదు, తడిగుడ్డవలె చేతిలో జాఱును. అమ్మువాడు కాగితముపై బరాలను పఱచి, గరిటెడు సెనగలు పోసి, "మిరప కొంచెమా?" అని తలయెత్తకయే అడిగి, చింతపండు పులుసు, దోసకాయ తురుము, కొత్తిమీరను తలపించు షాడో బెనీ ఆకు పచ్చడి వేసి, కాగితము కొసలు మెలిపెట్టి యిచ్చెను. అదే చేతితో నాణెములు పుచ్చుకొనెను. అదే చేతితో వెనుకనున్నవానికి బరా తీసెను. నా నాయనమ్మ నాలో ఒక్కక్షణము లేచి నిలిచినదని దాచక చెప్పుచున్నాను. ప్రక్కన పోలీసు జవాను, విందుకు పోవు వేషములోని యువతి, సిమెంటు పనినుండి వచ్చిన కూలి, అందఱును చొక్కాపై పులుసు పడకుండ ముందునకు వంగి తినుచుండిరి. పంక్తి యన్నది లేదు. అందఱును ఒకే దిక్కునకు వంగియుండుటయే పంక్తి. నేనును వంగితిని. రుచి మాట అడిగినచో, ఉత్సవమునాడు గుడిలో దోసిట పోసిన గుగ్గిళ్ళు జ్ఞాపకము వచ్చినవి.

ఎంగిలి యన్నంతనే ముక్కు మూసికొను మన సంప్రదాయమునందే దానికి ఎదురుమాటయు కలదు. అథర్వవేదము పదునొకండవ కాండమున ఉచ్ఛిష్టమును స్తుతించు సూక్తమొకటి యున్నది. యజ్ఞమున మిగిలిన శేషమునందే నామరూపములును లోకములును నిలిచియున్నవని ఆ ఋషి దర్శనము. అది పండితులకు మాత్రమే తెలిసిన మాటయనినచో, శ్రీకాళహస్తి కొండనెక్కిన ప్రతివాడును ఎఱిగిన తిన్నని కథయున్నది: నమలి రుచిచూచిన మాంసము, పుక్కిట తెచ్చిన నీరు, చెప్పుకాలు. శివుడు వాటిని పుచ్చుకొన్నాడు. అయితే ఆ కథను చెప్పువారు ఒక సంగతిని పైపైన దాటిపోవుదురు. కన్నప్ప యైన తరువాత తిన్నని బోయతనమును కథ కడిగివేయలేదు. ఎంగిలిని ఎంగిలిగానే ఉంచి మహిమ చెప్పినది. ముదుసలి పనివాని మాటకు నా జవాబు ఇచ్చటనే దొరకినది. మంటలో నూనె పోవును. పీపా పీపాగానే యుండును, ఉండవలయును.

రాత్రి పదిగంటలకు పాన్‌యార్డులో దీపముల క్రింద నూఱుమందికి పైగా నిలిచి, కాగితము లేక, స్వరలిపి లేక, స్వరకర్త నోటితో చెప్పిన నాలుగు ముక్కలను నలువదిమార్లు వాయించుచుండిరి. 1963 నుండి జరుగుచున్న పనోరమా పోటీకై ఈ సాధన. ఆ పోటీలో రెనిగేడ్స్ బృందమునకు తొమ్మిది మార్లు విజయము కూర్చిన స్వరకర్త జిత్ సమారూ భారతీయ సంతతివాడే. పాన్ జాతీయవాద్యమైన పిమ్మట, పాఠశాలలలో దానిని నేర్పుచుండగా మా హార్మోనియము మాటేమని హిందువులలో కొందఱు వాదించిరట. ఆ పెట్టె సైతము ఐరోపానుండి దిగినదేయని వారికి గుర్తుచేయుట మర్యాద కాదేమో. మొక్కజొన్న కండెలు, పసుపుపచ్చని పప్పు కలిపి కాచిన చారును కప్పులో పోసికొని గోడకానుకొని వింటిని. కార్నివాల్ ముగిసిన మఱునాడు ఈ వాద్యకులలోనే ఎందఱో చర్చికి పోయి నుదుట బూడిద పెట్టించుకొందురు.

తిరిగివచ్చునపుడు నాకు మన డప్పు తలపునకు వచ్చినది. మాదిగవాని చేతి చర్మము లేనిది మన జాతర లేదు, చావు లేదు. గర్భగుడియెదుట మ్రోగు మృదంగమునకు చర్మము మూసినదియు అట్టి చేతులే. నాదమును బ్రహ్మమనుచు లోనికి పిలిచి, చేసినవానిని వాకిట నిలిపినవారము మనము. ఇచ్చట మనకు కడుగవలసినది పీపా కాదు. ఈసారి మీ ఊరి పీర్లపండుగలో డప్పులు మొదలగుటకు ముందే పొండు. డప్పు కాచుకొను గడ్డిమంటకడ ఆ వాద్యకుని ప్రక్కన కూర్చుండి, ఆయన చర్మమును సెగకు చూపి వ్రేలితో తట్టి, తల వంచి విను ఆ మొదటి తట్టును ఒక్కమారు వినుడు.