చేసినవాని ఋణము

మా బాల్యమిత్రుడొకడు ఇరువదియేండ్లకు పైగా అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున కాపురముండి యున్నాడు. ఉద్యోగము కంప్యూటరు కార్యాలయములో. మనస్సు మాత్రము ఆకాశమున. అతడు తన యింటి కారుకొట్టములో రాత్రులును సెలవుదినములును వెచ్చించి, ఏడేండ్లలో ఇద్దరు కూర్చుండదగిన చిన్న విమానమొకటి స్వహస్తములతో గట్టెను. ఆర్‌వీ-9ఏ అని దానికి పేరు. ఓరెగాను రాష్ట్రములోని వాన్స్ అను సంస్థవారు అల్యూమినియపు రేకులను, కడ్డీలను, పటములను పెట్టెలలో నుంచి పంపుదురు. వేలకొలది రివెట్లు కొట్టి వానిని విమానముగా జేసికొనుట కొన్నవాని వంతు. మన చదువరులకు వింతగా దోచునేమో గాని, ఆ దేశమున నిట్లు తమ యిండ్లలోనే విమానములు గట్టుకొనువారు వేలమంది కలరు. 1953లో మిల్వాకీ నగరమున వారికై యొక సంఘము కూడ నేర్పడి నేటికిని వర్ధిల్లుచున్నది.

రెండేండ్ల క్రిందట మా మిత్రునికి గుండెజబ్బు బయటపడెను. ఇక విమానము నడుపరాదని వైద్యులు చెప్పివేసిరి. కొన్ని నెలలు దానిని గుడ్డకప్పి యుంచి, తుదకు అమ్మ నిశ్చయించెను. కొనువాడు వచ్చెను, ధరయు కుదిరెను. విమానమువలన ముందు ముందు ఏమి సంభవించినను కట్టినవానిపై వ్యాజ్యము తేనని కొనువాడు వ్రాసియిచ్చుట కొక పత్రమును న్యాయవాది సిద్ధముచేసెను. ఆ పత్రము చేతికి వచ్చిన రాత్రియే మా మిత్రుడు మాకొక యుత్తరము వ్రాసెను. “ఈ కాగితము న్యాయస్థానమునకు సరిపోవును. నేను కొట్టిన రివెట్లపై ఒక పరాయివాడు ప్రాణము పెట్టి యెగురబోవుచున్నాడు. అమ్మినంతమాత్రమున నా పూచీ తీఱునా? శాస్త్రములు చదివినవాడవు, నీవు చెప్పుము” అని యందులోని సారాంశము.

శాస్త్రములు చదివినవాడవనగానే మాకు కొంచెము గర్వము కలిగినమాట నిజము. వెంటనే మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము తెఱచితిమి. ఒక సరకును వేఱొక సరకుతో గలిపి గాని, చెడినదానిని గాని, కొలతకు తక్కువైనదానిని గాని, మఱుగుపఱచినదానిని గాని అమ్మరాదని యందు గలదు. కొని గాని అమ్మి గాని పశ్చాత్తాపపడినవాడు 10 దినములలోపల దానిని మరల్పవచ్చునని గలదు. దోషముగల కన్యను ఆ దోషము చెప్పక యిచ్చినవానికి 96 పణముల దండన యనియు నున్నది. ఆడుబిడ్డను క్రయవిక్రయముల నడుమ జేర్చిన యీ భాగమును మేము మెచ్చము, మా పాఠకులలో మెచ్చువారుందురనియు దలంపము. అంతటితో నాగక, రోమక పండితుడగు సిసిరో క్రీస్తుపూర్వము 44లో ధర్మములనుగూర్చి వ్రాసిన గ్రంథము మూడవ భాగమును గూడ చూచితిమి. రోడ్సు ద్వీపమున కఱవు. అలెగ్జాండ్రియానుండి యొక వర్తకుడు ఓడనిండ ధాన్యముతో వచ్చినాడు. వెనుక మఱికొన్ని ధాన్యపుటోడలు వచ్చుచున్నవని వానికి దెలియును. ఆ మాట చెప్పి తక్కువ ధరకు అమ్మవలెనా, చెప్పక యెక్కువ ధరకు అమ్మవచ్చునా? చట్టము చెప్పుమన్నంతవఱకు చెప్పిన జాలునని డయోజెనీసు వాదించెను. అమ్మువా డెఱిగినదేదియు కొనువానికి దాచరాదని ఆయన శిష్యుడు ఆంటిపేటరు వాదించెను. సిసిరో శిష్యునివైపు మొగ్గెను. మేమును అంతే. నీకు దెలిసిన దోషములన్నియు వ్రాసి కొనువాని చేతికిమ్ము, దానితో నీ ఋణము తీఱునని ప్రత్యుత్తరమిచ్చితిమి. రెండు దేశముల ధర్మవేత్తలు ఒక్కమాటపై నిలిచిరిగదా యని ఆ దినమంతయు సంతోషముగా నుంటిమి.

వారము తిరుగకమునుపే మా మిత్రుని రెండవ యుత్తరము వచ్చినది. “నాకు దెలిసిన దోషములు రెండు. అవి వ్రాసితిని. నాకు దోషమని తోచనివాని సంగతి యేమి?” అని యొక వాక్యము. దానితోబాటు అమెరికా రవాణా భద్రతా మండలివారి విచారణ నివేదిక యొకటి. అది చదివినపిమ్మట మా మొదటి యుత్తరము మాకే పసితనముగా దోచెను.

జాన్ డెన్వరు అను పాటగాని పేరు మా పాఠకులలో కొందఱు వినియే యుందురు. ఆయనకు విమానములు నడుపుటలో 2,700 గంటలకు పైగా అనుభవము కలదు. 1997లో ఆయన లాంగ్-ఈజీ అను జాతికి జెందిన యొక చిన్న విమానమును కొనెను. ఆ జాతిని కల్పించినవాడు బర్ట్ రుటాను, గట్టినవాడు మఱియొకడు, అతడు వేఱొకని కమ్మగా, ఆ వేఱొకనినుండి డెన్వరుకు జేరినది. ఈ విమానమున కుడి ఎడమల రెండు పెట్రోలు తొట్లుండును. ఒకదానినుండి రెండవదానికి మార్చు వాల్వు పిడి, రుటాను పటము ప్రకారము, నడుపువాని కాళ్లనడుమ నుండవలెను. కట్టినవాడు దానిని అచట బెట్టక, నడుపువాని ఎడమ భుజము వెనుక బెట్టెను. ఏలయన, మనుష్యుడు కూర్చుండుచోట పెట్రోలు గొట్టములుండుట అగ్నిభయమని ఆతడు తలచెను. అనగా చేసినమార్పు క్షేమము గోరియే చేసినది.

అక్టోబరు 12వ తేదీన డెన్వరు కాలిఫోర్నియాలో మాంటెరీ అఖాతముపై ఆ విమానమున నెగిరెను. ముందుదినమున అరగంటమాత్రమే దానిలో శిక్షణ పొందియుండెను. బయలుదేరుటకు ముందు, ఆ పిడి చేతికందుట కష్టమని ఆయనయు అచటి పనివాడొకడును మాటలాడుకొనిరి. పిడిని పొడిగింప ఒక పట్టుకారును తగిలించి చూచిరి, కుదురలేదు. వెనుకనున్న పెట్రోలుమట్టము కనబడుటకై పనివాడు చిన్న యద్దము నిచ్చెను. పెట్రోలు పోయుమందురా యన, గంటసేపే గదా యని డెన్వరు వలదనెను. పిడి త్రిప్పవలెనన్న కుడిచేతిని నడుపుకోలనుండి తీసి, మేను వెనుకకు త్రిప్పి, ఎడమభుజముమీదుగా జాపవలెను. అట్లు మేను త్రిప్పినవాని కుడికాలు తనకు దెలియకయే చుక్కాని పెడలును త్రొక్కును. ఆ దినమున జరిగినది అదియే యని మండలివారు నిర్ణయించిరి. విమానము పసిఫిక్ గ్రోవ్ చెంత సముద్రమున గూలెను. డెన్వరు వయస్సు 53 ఏండ్లు.

మండలివారు ప్రధానకారణమును నడిపినవానియందే యుంచిరి. పెట్రోలు పోయించుకొనకుండుట, చాలినంత శిక్షణ పొందకుండుట ఆయన లోపములే. అయినను, గుర్తులులేని పిడిని అందనిచోట బెట్టిన కట్టినవాని నిర్ణయమును గూడ కారణములలో జేర్చిరి.

ఇందు మమ్ము నిలువరించిన విషయమేమనగా, ఇచట దాపఱికము లేదు. పిడి యెక్కడ నున్నదో డెన్వరు ఎఱుగును. అందుట కష్టమనియు ఎఱుగును. ఆంటిపేటరు కోరినది యావత్తును జరిగినది. అయినను మనిషి దక్కలేదు. చెవి వినిన సంగతి చేతికి చేరుటకు కొంతకాలము పట్టును. ఆ కాలము ఆయనకు లభింపలేదు, లేదా ఆయన తీసికొనలేదు. మఱి కట్టినవాని మాట? ఎన్నడో యొకనాడు ఆలోచించి పెట్టుకొన్నచోటు. తన చేతికి అలవాటైన పిమ్మట అది దోషమని తోచునా? మేమే కట్టి నడిపియుండినయెడల, దోషముల పట్టిక వ్రాయుమనిన దానిని వ్రాసియుండెడివారము కాము. గుణముల పట్టికలో వ్రాసియుందుమేమో.

మా యింటి సంగతియొకటి జ్ఞాపకము వచ్చుచున్నది. ఇప్పుడు మేమున్న యిల్లు ఒక వృద్ధుడు తానే దగ్గఱనుండి కట్టించుకొనినది. మాకు అమ్మునప్పుడు ఆయన మిక్కిలి నిజాయితీపరుడై, వర్షాకాలమున వంటయింటి మూల కాఱుననియు, నూతినీరు వేసవిలో అడుగంటుననియు అడుగకయే చెప్పెను. మేము చేరిన నాలుగవ దినమున మా తల్లిగారు మేడమెట్లపై తొట్రుపడి పడి మణికట్టు విఱుగగొట్టుకొనిరి. కొలిచిచూడ, క్రిందినుండి అయిదవ మెట్టు తక్కినవానికంటె అంగుళమున్నర ఎత్తు. వృద్ధునికి కబురుపెట్టగా ఆయన వచ్చి, మెట్లపై ఎక్కి దిగి చూచి, నిశ్చేష్టుడై నిలిచెను. ముప్పదియేండ్లు ఆ మెట్లెక్కినవాడు! అయిదవ మెట్టుకడ ఆయన కాలు తనంతట తానే కొంచెము పైకి లేచుచుండుట మేము కన్నులార చూచితిమి. ఆయన మాత్రము దాని నెఱుగడు. ఆయనపై మా తల్లిగారికి కోపము రాలేదు, మాకును రాలేదు. కాని ఆ మణికట్టు నేటికిని చలికాలమున నొచ్చును.

అమెరికా ప్రభుత్వమువారి నిబంధనలలో ఈ సంగతికి ఒకవిధమైన గుర్తింపు గలదు. విమానపు పనిలో అధికభాగము ఔత్సాహికులే తమ విద్యకై గాని వినోదమునకై గాని చేసియుండిన యెడల, దానిని ఎక్స్‌పెరిమెంటల్, అనగా ప్రయోగాత్మకమను తరగతిలో జేర్చుదురు. ఆ మాటను ఎక్కుచోట రెండంగుళములకు తక్కువకాని యక్షరములతో వ్రాయవలెను. కట్టినవాడు కోరినచో, తన విమానమును ప్రతిసంవత్సరమును తానే పరీక్షించి సంతకము చేయుటకు అధికారపత్రము పొందవచ్చును. విమానము నమ్మినపుడు ఈ యధికారము కొన్నవానికి సంక్రమింపదు. ఆ పరీక్షకు వేఱుగా అధికారపత్రముగలవాడే కావలెను. రేకులు చేతులు మాఱును గాని రేకులను గూర్చిన యెఱుక మాఱదని ప్రభుత్వమువారే యొప్పుకొన్నట్లు గదా! 2012లో భద్రతా మండలివారు ప్రకటించిన పరిశీలనలో మఱియొక సంగతి గలదు. అంతకుముందు సంవత్సరము ప్రమాదములకు లోనైన ఇట్టి విమానములలో సగమునకు మించినవి, కట్టినవానినుండి గాక, కొన్నవాని చేతిలో నున్నవి. క్రొత్తగా కట్టిన విమానము మొదటిసారి యెగిరినపుడు జరిగిన ప్రమాదములు 10 కాగా, పాతదానిని కొన్నవాడు మొదటిసారి యెగిరినపుడు జరిగినవి 14.

ఇవియన్నియు జూచి మా మిత్రుడు ఒక దశలో విమానమును విప్పివేయ దలచెను. వ్యాజ్యములకు భయపడి అట్లు చేయువారు అక్కడ కొందఱు కలరట. ఇంజను వేఱుగను, పరికరములు వేఱుగను అమ్మి, తక్కిన రేకులను తుక్కుక్రింద వేయుదురు. మేము వలదంటిమి. తన పని యితరులకు ఉపయోగపడిన అపాయము కలుగునేమో యని దానిని నాశనము చేయుట నిష్కళంకతవలె కనబడును గాని, అందు తన చేతులు కడుగుకొనుటయే యెక్కువ. ఆ లెక్కను ఇల్లు కట్టినవా డెవడును దానిని ఇతరునికి ఇయ్యరాదు. బడిపంతులు పిల్లవానికి చదువు చెప్పరాదు. మేము చెప్పిన లెక్క తప్పుగా నేర్చుకొని యెవడేని వంతెన కట్టవచ్చును గదా.

అందుచే రెండవమాఱు మేమిట్లు వ్రాసితిమి: పట్టిక వ్రాయుట మానవలదు గాని దానిని నమ్ముకొనవలదు. కొనువానిని నడుపుచోట కూర్చుండబెట్టి, నీవు ప్రక్కన కూర్చుండి నోరుమూసికొనుము. వాని చేయి ఎక్కడ తడబడునో చూడుము. నీ చేతికి దెలిసి నీకు దెలియనిది అక్కడ బయటపడును.

అతడట్లే చేసెను. ఇంజను నడపకయే, కొట్టములోనే, విమానము దిగుచున్నట్లు భావించి చేయవలసిన పనులన్నియు చేయుమని కొనువానితో జెప్పెను. దిగునపుడు వేగము తగ్గించుటకు రెక్కల వెనుకనుండు ఫ్లాపులను దింపవలెను. ఇంజనుతో తిరుగు పెట్రోలుపంపు చెడిన ఆదుకొనుటకై విద్యుత్తుపంపును గూడ నడుపుచుండవలెను. ఈ రెండింటి మీటలును ఒకే యాకారమున నొకదానిప్రక్క నొకటి యున్నవి. కొనువాడు ఫ్లాపులకై తడవి పంపును ఆపివేసెను. రెండవమాఱును అదే చేసెను. మూడవమాఱు చూచి చేసెను గాని, అంతసేపు కన్నులు బయటినుండి మరల్చవలసివచ్చెను. మా మిత్రుడు నాలుగేండ్లు ఆ విమానము నడిపియు ఆ మీటలు ఒక్కపోలికనున్నవని యెఱుగడు. ఆ రాత్రియే ఒకదానిని పెఱికి, చక్రపు ఆకారముగల మీటను దూరముగా బిగించెను. అట్టివి మూడు దినములలో ఇంకను నాలుగు బయటపడినవట. వానిలో నొకటి తలుపుగడియ. దానిని తాను ఎల్లప్పుడును మోకాలితో నదిమి వేయుచుండెడివాడనని అప్పుడే తెలిసికొనెను.

కొనువాడును మంచివాడు. ఈ ఆలస్యమునకు విసుగుకొనక, ఆ జాతి విమానములలో ఆఱితేఱిన గురువు నొకనిని గుదుర్చుకొని, అతనితో పది గంటలు ఎగిరినపిమ్మటనే విమానమును తన యూరికి దీసికొనిపోయెను. అందఱును అట్టివారుండరు. ధనమిచ్చి, తాళము పుచ్చుకొని, ఆ సాయంకాలమే యెగురదలచువాడు వచ్చినపుడు అమ్మువాడు ధరపోయినను సరే కాదనవలెనని మా యభిప్రాయము. అంతమాత్రమున కొనువాని జాగ్రత్తయంతయు అమ్మువాని తలపైకి రాదు. నేర్పువాని పని యొకటి, నేర్చుకొనువాని పని యొకటి. డెన్వరు వద్దన్న పెట్రోలు కట్టినవాడు వచ్చి పోయజాలడు.

విమానము వెళ్లి ఏడాది దాటినది. కొన్నవాడు అప్పుడప్పుడు టెలిఫోను చేయుచుండును. ఒకనాడు తెల్లవాఱకమునుపే చేసి, చలిలో ఎడమరెక్క మొదట టిక్కుమని చప్పుడు వచ్చుచున్నది యేమనెను. మా మిత్రుడు పడకపై లేచి కూర్చుండి, అది ఫలాని రేకు ముడుచుకొనుట, భయములేదు, అయినను ఫలాని రివెట్లవరుస చూపించుకొనుమని చెప్పెను. అమ్మివేసిన దానికి ఇంకను ఈ కాపలా యేమని అతని భార్య యడిగినదట. ఆమెకు ఏమి చెప్పెనో మాకు వ్రాయలేదు.

ఇప్పుడు క్రొత్త చిక్కు వచ్చినది. కొన్నవాడు వేఱొక విమానముపై మనసుపడి దీనిని మూడవవాని కమ్మబోవుచున్నాడు. ఆ మూడవవాడు ఎనిమిదివందల మైళ్ల దూరమున నున్నాడు. మా మిత్రుని ఎఱుగడు, పిలువలేదు. “పిలువకయే పోయి వాని ప్రక్కన కూర్చుండవలెనా? నాలుగవవానికి, అయిదవవానికి గూడ పోవలెనా? ఎక్కడ ఆగుదును?” అని పోయిన నెలలో వ్రాసినాడు. ఆ యుత్తరము మా బల్లమీదనే యున్నది. రెండుమాఱులు ప్రత్యుత్తరము మొదలుపెట్టి చించివేసితిమి.