క్రిమికీ కవచమే

క్షయ వచ్చిన మనిషిని చూసి "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అనడం మా మంసాపురంలో ఇంకా పోలేదు. ఆ మనిషి గ్లాసు అరుగు మీద వేరుగా బోర్లించి ఉంటుంది. రాజపాళయంలో చాలాకాలం ల్యాబు పని చేసినదాన్ని, ఆ మాట నాకు మింగుడుపడదు. పాపాల లెక్క అలా ఉంచండి. ఒక ప్రాణికి రక్షణ దొరికిందంటే దేవుడు దాని పక్షాన ఉన్నట్టేనా?

ల్యాబులో రోజూ చేసే చిన్న పరీక్ష ఒకటుంది. గాజు స్లైడు మీద హైడ్రోజన్ పెరాక్సైడు బొట్టు వేసి, పుల్లతో కాసిని క్రిములు తీసి అందులో కలుపుతాం. స్టెఫైలోకాకస్ అయితే బుసబుసమని నురగ వస్తుంది. స్ట్రెప్టోకాకస్ అయితే చలనమే ఉండదు. నురగ తెప్పించేది కాటలేజ్ అనే ఎంజైము. అది పెరాక్సైడును నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంది. మన తెల్లరక్తకణాలు క్రిమిని మింగాక దాని మీద కుమ్మరించే విషాల్లో ఈ పెరాక్సైడు ఒకటి, సూపరాక్సైడు ఇంకొకటి. ఆ రెండోదాన్ని విరిచేసే ఎంజైమును 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ బయటపెట్టారు. ఏ రోగక్రిమిలోంచో కాదు, ఆవు రక్తంలోంచి!

కొత్తగా చేరిన పిల్లలకు ముందుగా చెప్పే జాగ్రత్త కూడా రక్తం గురించే. బ్లడ్ అగార్ మీది క్రిములను తీసేటప్పుడు పుల్ల కింది రక్తానికి తగలకూడదు. తగిలిందా, ఏ క్రిమికైనా నురగే. ఎర్రకణాల్లోనూ కాటలేజ్ ఉంది మరి. ఆ నురగను చూసి మనవాడెవడో పగవాడెవడో చెప్పలేం.

మా అవ్వ రోజూ నారాయణ కవచం చదివేది, తమిళ అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కులోంచి. తెలుగు మాట్లాడటమే గానీ మా ఇంట్లో చాలామందికి తెలుగు రాత రాదు. నురగ సంగతి, ఆ ఎంజైము క్రిమిని కాపాడే తీరు చెబితే, "అయితే దానికీ కవచం ఇచ్చింది ఆయనేనా?" అంది.

ఆమె కవచం కథనే గుర్తుచేశాను. అది భాగవతం ఆరో స్కంధంలోది (తెలుగులో ఆ స్కంధం పోతనది కాదు, ఏర్చూరి సింగనది). ఇంద్రుడికి ఆ కవచం ఉపదేశించినవాడు దేవతల పురోహితుడు విశ్వరూపుడు. అతని తల్లి రచన దైత్యుల ఆడపడుచు. యజ్ఞంలో దేవతలకు పైకి హవిస్సు ఇస్తూ, అసురులకూ గుట్టుగా భాగం పెట్టాడు. అది తెలిసి ఇంద్రుడు అతని తలలు నరికేశాడు. అంతమాత్రాన ఉపదేశించిన కవచం చెల్లకుండా పోలేదు.

"తల్లి తరఫువాళ్లకు పెట్టకుండా ఎట్లా ఉంటాడులే" అంది అవ్వ.

క్షయ క్రిమికీ ఇలాంటి కవచమే ఉంది, దాని కాటలేజ్ పేరు కాట్‌జీ. 1952లో వాడకంలోకి వచ్చిన క్షయ మాత్ర ఐసోనయాజిడ్ తనంతట తాను క్రిమిని చంపలేదు. మాత్రను విషంగా మార్చేది ఆ కాట్‌జీయే. 1992లోగానీ ఈ ముడి జన్యువు దాకా విడిపడలేదు. కాట్‌జీని పోగొట్టుకున్న క్రిమి మాత్రకు చావదు గానీ పెరాక్సైడుకు సులువుగా లొంగుతుంది, గినీ పందుల్లో రోగాన్ని గట్టిగా పుట్టించలేదు. మన మద్రాసుకూ ఈ కథలో చోటుంది. అక్కడ 1956లో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పనిలో భాగంగా సుబ్బయ్య, మిచిసన్, సెల్కన్ భారతీయ, బ్రిటిష్ క్రిములు పెరాక్సైడును ఏపాటి తట్టుకుంటాయో పోల్చి 1960లో ప్రచురించారు.

ఇక్కడ కర్ణుడు గుర్తురాక మానడు. కవచం ఒలిచి ఇచ్చాక చావు దగ్గరపడిందని అనుకుంటాం. కానీ క్రిమి అంత సూటిగా దారికి రాదు. కాట్‌జీలో 315వ చోట ఒక్క సెరీన్ థ్రియోనీన్‌గా మారితే చాలు, మాత్ర పనిచేయదు, కవచం మాత్రం చాలావరకు నిలుస్తుంది. మందుకు లొంగని క్షయలో తరచుగా కనిపించే మార్పు ఇదే. క్రిమి తపస్సు చేసి తెచ్చుకున్నది కాదు, జన్యువును నకలు తీయడంలో దొర్లిన తప్పు. దాన్ని వరమనలేం. అలాంటప్పుడు పక్కింటివాడి ఊపిరితిత్తుల్లో ఆ క్రిమి పెరగడం శిక్ష ఎలా అవుతుంది?

అవ్వ ఇందులో సగమే ఒప్పుకుంది. శిక్ష కాదు, సరే. వరం కాదని మాత్రం నేనెట్లా చెప్పగలనంది. క్రిమి కూడా ఆయన బిడ్డేనని ఆమె వాదన. అలాగని మందు మానమని ఎవరికీ చెప్పలేదు. ఆరు నెలలూ మాత్రలు మింగాల్సిందేనని వీధిలో వాళ్లను నాకంటే గట్టిగా కేకలేసేది.