ఖాళీగా వదిలిన గడులు

నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో మనిషికి తీరిక దొరికేది సంక్రాంతి దాటాకే. జూన్‌లో తొలకరి పడిందంటే దుక్కులు, నారుమళ్లు, ఉడుపులు. గొట్టా బ్యారేజీ నుంచి కాలువకు నీళ్లు ఎప్పుడొదులుతారో అన్న ఎదురుచూపు. అక్టోబరంతా తుఫాను భయం. ఆ తర్వాత కోతలు, నూర్పులు, ధాన్యం అమ్మకానికి తిరగడాలు. ఇవన్నీ అయ్యి, పండగ ఖర్చు పోగా చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే అప్పుడు ఎటైనా వెళ్లొద్దామా అనిపిస్తుంది. కాశీకో పూరీకో అయితే ఆ రోజులు బంగారం లాంటివి. ఫిజీకి అనుకుంటే మాత్రం లెక్క మొత్తం తిరగబడుతుంది. భూమధ్యరేఖకు అవతల ఉన్న ఆ దీవుల్లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానాకాలం, తుఫానులొచ్చేదీ ఆ నెలల్లోనే. అక్కడ పొడి వాతావరణం ఉండే రోజుల్లో మనకు మడి విడిచి కదిలే వీలుండదు. మన తీరిక సరిగ్గా వాళ్ల వాన మీద పడుతుంది.

మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారు, ఆయన భార్య ఇప్పుడు ఈ చిక్కులోనే ఉన్నారు. కొడుకు సిడ్నీలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కణ్ణుంచి ఫిజీకి నాలుగు గంటల విమాన ప్రయాణం. అతనికి సెలవులు దొరికేది జనవరిలో, వీళ్లకు వీలుపడేదీ అప్పుడే. గదుల అద్దెలూ ఆ నెలాఖరులోనే దిగుతాయి, ఎందుకు దిగుతాయో చెప్పక్కర్లేదు. సంగతి టీ కొట్టు దాకా పాకింది. "వానల్లోకి డబ్బులు పోసి ఎళ్తారేటండి మాస్టారూ, మనకి లేవేటి వానలు?" అన్నాడు కొట్టాయన. మాస్టారు నవ్వేసి ఊరుకున్నారు గానీ ఇంటికొచ్చి క్యాలెండరు ముందేసుకుని కూర్చున్నారు. ప్రతి తేదీ గడిలోనూ పెన్సిలుతో ఏదో రాశారు: పడవ, జలపాతం, గుడి, పగడపు దిబ్బలు. ఒక్క గడీ ఖాళీ లేదు. వాన పడితే ఏ గడి నష్టమో, దాని విలువ ఎన్ని రూపాయలో పక్కన వేసుకున్నారు కూడా.

ఆ కాగితం చూసినప్పుడు నాకు సముద్రం కన్నా ముందు గిర్మిట్, అంటే ఆనాటి కూలి ఒప్పందం, గుర్తొచ్చింది.

ఫిజీ చెరకు తోటలకు భారతీయ కూలీల ఓడలు 1879లో మొదలయ్యాయి, 1916లో ఆగాయి. మొత్తం అరవై వేలకు పైగా మనుషులు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఎక్కించుకున్నారు. ఆర్కాటు, తంజావూరు వాళ్లతో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లూ వెళ్లారు. మన నరసన్నపేట అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. ఇటువైపు జనం ఎక్కువగా రంగూన్ ఓడలే ఎక్కారు గానీ, ఫిజీ పేరు కూడా తాతల నోట వినబడేది. మాస్టారి భార్య తరఫు పూర్వీకుల్లో ఒకాయన "దీవులకు" వెళ్లి మళ్లీ రాలేదని వాళ్లింట్లో ఒక మాట ఉంది. ఏ దీవులో ఎవరికీ తెలీదు. ఆవిడకు ఫిజీ అనగానే మనసు లాగడానికి కారణం అదే, పగడాలూ జలపాతాలూ కావు.

ఒప్పందం ఐదేళ్లు. పొద్దున్నే పనిని కొలిచి అప్పగించేవారు, దాన్ని టాస్క్ అనేవారు. పూర్తి చేస్తే మగవాడికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. పూర్తి కాకపోతే ఆ రోజు కూలి కోతే. ఐదేళ్లయ్యాక వెనక్కి రావాలంటే ఖర్చు సొంతం. మరో ఐదేళ్లు అక్కడే ఉంటేనే ఓడ ఛార్జీ ఇచ్చేవారు. రోజంటే ఇంత టాస్కు, టాస్కంటే ఇంత డబ్బు. వాళ్ల మీద రుద్దిన ఆ లెక్కనే ఈరోజు మనం సరదా ప్రయాణానికి కూడా, ఎవరూ అడగకుండానే, మన మీద వేసుకుంటున్నాం. జలపాతం చూస్తే టాస్కు తీరినట్టు. వానొచ్చి గదిలో కూర్చుంటే కూలి పోయినట్టు. తోటలో మేస్త్రీ ఉండేవాడు, ఇక్కడ మనమే మేస్త్రీలం.

ఆ మాట మాస్టారితో అనలేదు. అక్కడి వాన ఎలా పడుతుందో మాత్రం మాట్లాడుకున్నాం. విటి లెవు అన్నది పెద్ద దీవి. మధ్యలో కొండలు, ఎత్తయిన శిఖరం తొమానివి 1,324 మీటర్లు. ఆగ్నేయం నుంచి వీచే తడిగాలి ఆ కొండలకు కొట్టుకుని తూర్పు వైపే బరువు దించుకుంటుంది. అందుకే రాజధాని సువాలో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన. విమానాలు దిగే నాండి పడమటి వైపు, కొండల చాటున ఉంది కాబట్టి అక్కడ బాగా తక్కువ. తక్కువంటే మళ్లీ మన జిల్లాకు ఏడాది మొత్తానికి పడే 1,100 పైచిలుకు కన్నా ఎక్కువే. వానాకాలంలో కూడా పడమటి వైపు చాలా రోజులు పొద్దుట తెరిపిగానే ఉంటుంది, మధ్యాహ్నం దాటాక కుండపోత. రోజుల తరబడి ముసురు పడితే మాత్రం నాండి నది ఊళ్లోకి వస్తుంది. 2009లోనూ 2012లోనూ బజారు వీధులు మునిగాయి. ఏరు ఊళ్లోకి రావడమంటే ఏమిటో వంశధార ఒడ్డువాళ్లకు వేరే చెప్పాలా?

చెప్పాల్సింది తుఫాను గురించి. మన వైపు తుఫాను ఎడమకు సుడి తిరుగుతుంది, అక్కడ కుడికి. తేడా అంతే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి తోటలు ఎలా పడుకున్నాయో మనం చూశాం. అంతకు రెండున్నరేళ్లకు పైగా ముందు, 2016 ఫిబ్రవరి 20న, విన్‌స్టన్ అన్న తుఫాను ఫిజీని అంతకు మించి కొట్టింది. 44 మంది పోయారు. కోరో దీవిలో ఇళ్లు నేలమట్టమయ్యాయి. తిత్లీ తర్వాత కరెంటు లేక, తాగే నీళ్లకు బిందెలు పట్టుకుని నిలబడ్డ రోజుల్లో మన గుమ్మంలోకి చుట్టం దిగితే ప్రేమ ఎంత ఉన్నా గుండె గుభేలుమంటుంది. అలాంటి చుట్టం కాకూడదనుకుంటే, తుఫానుకు పేరు పెట్టారని తెలిసిన రోజునే ప్రయాణం ఆపుకోవాలి. బీమా కూడా పేరు పెట్టకముందు తీసుకుంటేనే పనికొస్తుంది. ఇందులో పిరికితనం ఏమీ లేదు. గది అద్దె కట్టేశాం కదా అని గాలివానకు ఎదురెళ్లేవాణ్ణి ధైర్యస్తుడని నేననను.

తుఫాను వేరు, వాన వేరు. వట్టి వానకు భయపడి మానుకోవడం నాకు నచ్చదు. ఎండ కాసే నెలల్లో వెళ్లినవాళ్లకు దొరికేది అమ్మకానికి పెట్టిన ఫిజీ. వానరోజున పడవ కదలదు, కొట్లో బేరం ఉండదు, మనుషులకు మాట్లాడే తీరిక దొరుకుతుంది. నాండిలో శివ సుబ్రహ్మణ్య స్వామి గుడి ఉంది. దక్షిణాది వాళ్ల సంగం 1926లో పుట్టిందీ ఆ ఊళ్లోనే, ఈనాటికీ బడులు నడుపుతోంది. తెలుగువాళ్లు 1941లో తమకంటూ ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. కొత్త తరానికి తెలుగు చాలామటుకు జారిపోయి ఫిజీ హిందీ మిగిలింది. గుడి మండపంలో వాన తగ్గేదాకా కూర్చుంటే ఏ ముసలావిడో "మీదే ఊరు" అని అడగవచ్చు, అడగకపోవచ్చు. దాన్ని ఏ గడిలో రాసి పెట్టుకోగలం?

మాస్టారి భార్య ఈ మాటల మధ్య ఎక్కువ మాట్లాడలేదు. ఆఖర్న రబ్బరు తీసుకుని క్యాలెండరులో కొన్ని గడులు తుడిచేశారు. జలపాతం పోయింది. పడవ ప్రయాణాన్ని మొదటి రోజుల్లోకి జరిపారు, వాయిదా పడినా వెనక చోటు ఉండేలా. తిరుగు విమానానికి ముందు రెండు రోజులు నాండి ఊళ్లోనే, ఏ పనీ లేకుండా. "ఈ రెండ్రోజులూ ఏటి చేస్తామే?" అన్నారు మాస్టారు. "ఉంటాం" అన్నారావిడ.

తేదీ మార్చుకునే వీలున్న తిరుగు టికెట్టే తీసుకున్నారు. దానికి పైన పడిన డబ్బు కోసం చిన్న దీవిలోని రిసార్టులో ఒక రాత్రి తగ్గించుకున్నారు. సిడ్నీలో ఉన్న కొడుక్కి ఈ మార్పు ఇంకా నచ్చినట్టు లేదు. రోజూ ఫోన్ చేసి ఆ జలపాతం సంగతే అడుగుతున్నాడట.