రాయలవారి వరహా – సత్యపరీక్ష

విజయనగర సామ్రాజ్యమును 1509 నుండి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును జయించి, 1514వ సంవత్సరమున తిరుమలకు విచ్చేసి, శ్రీనివాసునకు 30,000 బంగారు నాణెములతో కనకాభిషేకము గావించిన సంగతి ఆస్తికలోకమునకు తెలిసినదే. ఉదయగిరినుండి కొనిపోయిన బాలకృష్ణమూర్తిని ఆయన 1515లో తన రాజధానియందు ప్రతిష్ఠించెను. ఆయన వరహాలపై ఒకవైపున ఆసీనుడైన దేవతామూర్తి కానవచ్చును. బాలకృష్ణుడని పలువురు పండితులు గుర్తించినారు. రెండవవైపున నాగరలిపిలో మూడు పంక్తులుగా ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ అను అక్షరము లుండును. తోరణము క్రింద నిలిచిన వేంకటేశ్వరుని రూపముగల నాణెములును ఆయన పేర గలవు. వరహా బరువు సుమారు 3.4 గ్రాములు మాత్రమే.

ఇట్టి నాణెము చేతికి వచ్చినపుడు, అది ఆ అభిషేకవేళ స్వామి సన్నిధిని రాశిపడిన వానిలో నొకటి యేమో యను భావము భక్తునికి కలుగుట సహజము. మోసగానికి కావలసినదియు ఆ భావమే. అందుచేతనే దేవతామూర్తులు గల ప్రాచీన నాణెములకు నకిళ్లు విస్తారముగా పుట్టినవి. కొన్ని పూజామందిరములలో పట్టుగుడ్డలో చుట్టి, తరతరములుగా తులసిదళముతో అర్చింపబడుచున్న ‘రాయలవారి వరహా’ నిజమైనదా యను సందేహము, అన్నదమ్ములు పంచుకొనువేళనో, ఆడపిల్లకు పసుపుకుంకుమల క్రింద ఇచ్చువేళనో తలయెత్తును. అప్పుడు పెద్ద లొక మాట చెప్పుదురు: “స్వామి రూపమున్న వస్తువును గీటురాయిపై రాయుట అపచారము, నాయనా.” ఈ మాట విచారింపదగినది. దానికి ముందు, పరీక్ష యనగా నేమో తెలియవలెను.

గీటురాయి మన స్వర్ణకారులకు అనాదిగా పరిచితము. అయితే అది పైపూతను మాత్రమే చెప్పగలదు; లోపల నేమున్నదో దానికి తెలియదు. లోపలి సంగతి చెప్పునది నీటితూనిక. మేలిమి బంగారము నీటికన్న 19.3 రెట్లు బరువైనది. కావున 3.4 గ్రాముల మేలిమి నాణెమును సన్నని దారముతో నీటిలో వ్రేలాడదీసి తూచినచో, సుమారు 0.18 గ్రాము మాత్రమే తగ్గును. అంతే బరువుగల ఇత్తడి బిళ్ల యైనచో 0.4 గ్రాము తగ్గును. ఇంత స్పష్టమైన భేదమును దాచుట సామాన్య వంచకునికి సాధ్యము కాదు. అయినను టంగ్‌స్టన్ అను లోహము బంగారముతో దాదాపు సమానమైన సాంద్రత గలది. దానికి బంగారుతొడుగు తొడిగినచో నీరును మోసపోవును. నేటి ఎక్స్‌రే యంత్రములు లోహమిశ్రమమును క్షణములో లెక్కగట్టి చెప్పును గాని, బంగారమున వాని చూపు కూడ పైపొరను దాటి లోతునకు పోదు.

ఇక కన్ను చేయవలసిన పరీక్ష గలదు. రాయల కాలమున బంగారుబిళ్లను రెండు అచ్చుల నడుమ నుంచి సుత్తితో మోదెడివారు. బిళ్ల చిన్నది, అచ్చు పెద్దది. అందువలన బొమ్మ ఒకప్రక్కకు ఒరుగును, అక్షరములలో కొన్ని అంచు దాటి పోవును. దెబ్బకు లోహము ప్రాకిన జాడ అక్షరముల మొదళ్లయందు కనబడును. కరిగించి మూసలో పోసిన నకిలీకి ఈ జాడ లుండవు. అంచులు మొద్దుబారి, సూదిమొనవంటి గుంతలు పడియుండును. మరియొక గుర్తు మిక్కిలి విలువైనది. అసలు నాణెములు రెండింటి వంకరలు ఒకే తీరుగ నుండుట దాదాపు అసంభవము. ఒక నాణెమున ఉన్న నొక్కు, పగులు, గీత మరొకదానియందును యథాతథముగా నుండెనేని, కనీసము ఒకటి మూసలో పుట్టినదే. చక్కగా నడుమ కుదిరి, అక్షరమొక్కటియు తప్పిపోని వరహాను చూచి మురియు కొనుగోలుదారు, పరీక్షకుడు అక్కడనే అనుమానపడునని యెరుగడు.

లోహము నిజమైనను నాణెము అసత్యము కావచ్చును. జర్మనీ దేశీయుడైన కార్ల్ విల్హెల్మ్ బెకర్ (1772–1830) ప్రాచీన గ్రీకు, రోమను నాణెములకు స్వయముగా అచ్చులు చెక్కి కొట్టినాడు. తక్కువ వెలగల నిజమైన ప్రాచీన నాణెములనే తీసికొని వానిపై అరుదైన ముద్రలు వేయుటయు అతని పద్ధతులలో నొకటి. ఇనుపరజను నింపిన పెట్టెలో నాణెములను వేసి బండికి కట్టి, త్రోవపొడుగున కుదిపి వానికి పాతదనము తెచ్చెడివాడట! లోహము పాతది, బరువు సరియైనది, అరుగుదల కంటికి నమ్మదగినది. అయితే అబద్ధ మెచ్చట నున్నది? ‘నన్ను ఫలానా రాజు కొట్టించెను’ అని ముద్ర చెప్పు మాటయందున్నది.

ముత్యపుచిప్పను చూచి వెండి యనుకొను భ్రాంతిని మన దర్శనకారులు చిరకాలము చర్చించినారు. భగవద్రామానుజులు శ్రీభాష్యమున దీనికి చెప్పిన సమాధానము అపూర్వమైనది. జ్ఞానమంతయు యథార్థమే, పంచీకరణమువలన చిప్పయందును వెండి అంశము కొంత కలదు, కన్ను చూచినది ఆ అంశమునే. దోషము అధికాంశమును చూడకపోవుటయందు, తత్ఫలితముగా వ్యవహారము చెడుటయందు గలదు. పూతపూసిన వరహా విషయమున ఇది అక్షరాల సరిపోవును. అందు బంగారమును చూచిన తాతగారు లేనిదానిని చూడలేదు. పైనున్న స్వల్పాంశమును చూచినారు, అంతే. ఆయన భక్తి కల్ల కాలేదు. మిగిలిన అంశమును చూచిన మనుమడు దానిని వ్యవహారమునకు దింపునపుడు మాత్రము తాతగారి చూపుతో సరిపెట్టుకొనజాలడు.

ఇప్పుడు అపచారమను మాటకు వత్తము. అర్చామూర్తి ఏ లోహముతో చేయబడినదని విచారించుట మహాదోషమని పూర్వాచార్యులు నిషేధించినారు. నిజమే. ప్రతిష్ఠితమైన బింబమున భగవంతుడు సంపూర్ణముగా వేంచేసియున్నాడు గనుక ఉపాదానమును లెక్కించుట అజ్ఞానము. నాణెము అట్టిది కాదు. అది ప్రతిష్ఠకై చేసినది కాదు, చెల్లుబడికై చేసినది. ఇంత తూకము, ఇంత మేలిమి అని రాజు ప్రజలకు ఇచ్చిన మాట అది. స్వామి రూపము ఆ మాటకు సాక్షి. కూటనాణెమును కొట్టినవాడు స్వామిని అబద్ధమునకు సాక్షిగా నిలిపినాడు. గీటురాయిపై పెట్టునది ఆ మాటనే గాని మూర్తిని కాదు. అపచారమను పేర పరీక్షను మాన్పించువారిలో కొందరు నిజమైన భయభక్తులు గలవారు. కొందరు భక్తిని అడ్డుపెట్టి ధరను కాపాడుకొనువారు. ఈ రెండవవారిని గూర్చి మొదటివారు జాగ్రత్తపడవలెను.

అనుకరణమంతయు వంచన కాదు. చెన్నపట్టణమున ఈస్టిండియా కంపెనీ, ఇరుప్రక్కల దేవేరులతో నిలిచిన స్వామి రూపమును వేసి వరహాలు కొట్టించెను. అవి పాత వరహాలను పోలినవే, కాని తాము నిలిచిన విలువకు బజారున చెల్లినవి. శ్రీరామ పట్టాభిషేకము ముద్రించిన రామటంకెలు పూజకే పుట్టినవి, డబ్బుగా చెల్లవలెనని కోరలేదు. వానిపై లేని ప్రాచీనకాలపు తేదీలు వేసి పురాతనమని అమ్మినపుడే అవియు కూటములగును.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున కూటనాణెమును చేయించువానికి, పుచ్చుకొనువానికి, చెల్లించువానికి ఒకే శిక్షగా వేయి పణముల దండము విధించెను. రాజకోశమున వేసినవానికి మరణదండనయే. పుచ్చుకొనువానిని చేయించువానితో సమముగా దండించుట కఠినమనిపించును. తెలియక తీసికొన్నవాని తప్పేమి? కాని సందేహము కలిగియు పరీక్షింపని వానిని తెలియనివాడనుట యెట్లు? పొలమున లంకె దొరికినదని రహస్యముగా చెప్పి, మొదట ఒక నిజమైన కాసును చేతికిచ్చి, కావలసినచో పరీక్ష చేయించుకొమ్మని పంపు వంచకుల కథలు పత్రికలలో తరచు వచ్చుచునే యున్నవి. ఆ ఒక్కటి పరీక్షకు నిలుచును. మిగిలినది కుండెడు ఇత్తడి. కొన్నవాడు పరీక్షింపలేదని చెప్పజాలడు; పరీక్షింపవలసినదానిని పరీక్షింపలేదు.

పరీక్షించువాడు అమ్మువాడు కాకూడదు, కొనువాడును కాకూడదు. వస్తుప్రదర్శనశాలలలో నాణెశాస్త్రము తెలిసినవా రుందురు; అసలు నాణెముల ప్రక్కన నుంచి పోల్చి చూడగలవారు వారే. వారును ఒక్కొక్కప్పుడు ‘నిర్ణయింపజాలము’ అని చెప్పుదురు. అది ఇంటివారికి రుచింపదు, అయినను ఆ మాటనే యథాతథముగా వ్రాసి ఉంచవలెను. నకిలీ యని తేలిన వరహాను పూజాపీఠమునుండి తీసివేయవలసిన పని లేదు. తెలిసి దానిని రాయలవారిదని అల్లునికి ఇచ్చుట, తెలిసి స్వామి హుండీలో బంగారమని వేసి మ్రొక్కు తీరినదనుకొనుట కూడదు. పట్టుగుడ్డలో నాణెముతోపాటు ఒక చీటీ యుంచిన చాలును: బరువు ఇంత, నీటిలో తగ్గినది ఇంత, చూచినవారు ఫలానావారు, చూచిన తేదీ, వారు చెప్పిన మాట. రేపు ఆ మూట విప్పు పిల్లలు చీటీ చదువుకొని, తులసిదళము వేసి, తిరిగి చుట్టి పెట్టుకొందురు.